పెంచలయ్య సారు బండికి ఇండికేటర్లు

మొన్న ఐటీఐలో కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. శాలువా కప్పారు. "మీరు జీవితంలో ఎలా పైకొచ్చారో చెప్పండి" అని మైకు చేతికిచ్చారు. ముప్పై ఏళ్లకు పైగా బండి పక్కన పీట వేసుకుని నేల మీద కూర్చున్నవాడు పైకి రావడమేమిటో నాకు అర్థం కాలేదు. పీట మీద నుంచి పైకి లేవలేకే షాపు మా తమ్ముడి కొడుక్కి అప్పగించాను. అయినా శాలువా కప్పించుకున్నాక ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి క్రమశిక్షణ, నిజాయితీ అని రెండు మాటలు చెప్పి చప్పట్లు కొట్టించుకుని వచ్చాను. అసలు చెప్పాల్సింది చెప్పలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు మాలకొండయ్య. పని నేర్చుకున్నది ఉదయగిరిలో, చేసుకుని బతికింది ఆత్మకూరులో. ఇంజను పని, కార్బురేటరు పని అన్నీ చేశాను గానీ నాకు పేరొచ్చింది పాత మోటారు సైకిళ్ల కరెంటు పనిలో. అందులోనూ ఇండికేటర్లు. "కొండయ్య మేస్త్రీ చెయ్యి పడితే చచ్చిన ఇండికేటర్ లేచి కూర్చుంటాది" అనేవాళ్లు. ఈ పేరు ఎంత పనికిమాలినదో తెలియాలంటే మా వైపు జనం ఇండికేటర్లను ఏం చేస్తారో ముందు చెప్పాలి.

ఇండికేటర్ ఎవరికి కావాలి

కొత్త బండి కొన్నవాళ్లు వారం తిరక్కుండా షాపుకు వచ్చి ఇండికేటర్లు ఊడదీయమంటారు. బండి పడితే పగిలిపోతాయట. ఊడదీసినవాటిని కవర్లో చుట్టి బీరువాలో పెడతారు. తర్వాత బండి పడుతుంది, మనిషికి కాలు విరుగుతుంది, ఇండికేటర్లు మాత్రం బీరువాలో భద్రంగా ఉంటాయి.

ఆయుధపూజకు ఇండికేటర్ అద్దాల మీద గంధం మందంగా పూసి కుంకుమ బొట్లు పెడతారు. దాన్ని మళ్లీ ఏడాది పూజ దాకా తుడవరు, తుడిస్తే మంచిది కాదట. లోపల బల్బు పాపం వెలుగుతూనే ఉంటుంది. "వెలగడం లేదు మేస్త్రీ" అని వచ్చిన బండ్లలో చాలావాటికి నేను చేసిన రిపేరు తడిగుడ్డతో తుడవడమే.

పాలవాళ్లు వెనక రెండు వైపులా క్యాన్లు వేలాడదీస్తారు. ఇండికేటర్ వాటి చాటున ఉండిపోతుంది. జలదంకి వైపు నుంచి వచ్చే ఒక పాలాయన ప్రతి రెండు నెలలకూ ఇండికేటర్ బాగు చేయించుకునేవాడు. ఒకసారి ఉండబట్టలేక, "క్యాన్ల వెనక ఎవరికి కనపడతాదన్నా" అని అడిగాను. "నాకు కనపడతాది కదా, మీటర్లో" అన్నాడు. ఇంకొకాయన చోటా నాయకుడు. నేరుగా పోతున్నానని చెప్పడానికి నాలుగు లైట్లూ ఒకేసారి కొట్టుకునేలా ప్రత్యేకంగా స్విచ్ పెట్టించుకున్నాడు. నేరుగా పోవడం ఆయనకు అంత చెప్పుకోదగ్గ విషయం.

మరి మలుపు ఎలా తిరుగుతారు? కుడికి పోవాలంటే కుడికాలు చాపుతారు. వెనక ఎవరైనా కూర్చుంటే వాళ్ల చెయ్యి ఊపిస్తారు. ఎవరూ లేకపోతే తిరిగేస్తారు. వెనక వచ్చేవాడు ముందువాడి మెడ ఎటు తిరిగిందో చూసుకుని పోతాడు. లైటు వెలిగితే మాత్రం దాన్ని ఎవరూ నమ్మరు, ఎందుకంటే ఉదయగిరిలో వేసిన ఇండికేటర్ ఆర్పకుండా ఆత్మకూరు దాకా వచ్చే మనుషుల్ని అందరూ చూసే ఉంటారు.

అందువల్ల ఇండికేటర్ బాగైందో లేదో కళ్లతో చూసే అలవాటు మా వైపు ఎవరికీ లేదు. చెవులతో వింటారు. పాత బండ్లన్నిటికీ ఇండికేటర్‌తో పాటు పిట్టలా కూసే బజరు ఒకటి బిగించి ఉంటుంది. స్విచ్ నొక్కితే పిట్ట కూసిందా, పని అయిపోయినట్టు. గిరాకీ కూడా అలాగే చూసుకుని పోతాడు, మేస్త్రీ కూడా అలాగే చూసి పంపిస్తాడు. నేనూ అలాగే పంపించేవాడిని.

మా ఉస్తాద్

నాకు పని నేర్పింది ఉదయగిరి బస్టాండు దగ్గర షాపున్న మౌలాలి ఉస్తాద్. ఆయన దగ్గర రెండు నేర్చుకున్నాను.

మొదటిది ఎర్త్ చూడడం. బ్యాటరీ నుంచి బల్బు దాకా తీగ వస్తుంది. బల్బు నుంచి కరెంటు మళ్లీ బ్యాటరీకి చేరేది బండి ఇనుము గుండానే. ఆ ఇనుములో ఎక్కడైనా తుప్పు పట్టినా, బోల్టు వదులైనా కరెంటు తిరిగి పోలేదు, లైటు వెలగదు. "వచ్చే దారి అందరూ చూస్తారు రా కొండయ్యా, పొయ్యే దారి ఎవుడూ చూడడు" అనేవాడు ఉస్తాద్. ఒక బల్బుకు రెండు తీగలు కట్టుకుని, దాంతోనే బండంతా తడిమి లోపం పట్టేవాడు. ఇప్పటి పిల్లల దగ్గర కరెంటు కొలిచే మీటర్లున్నాయి, ఫోన్లో వీడియోలున్నాయి. లైటు వెలగలేదంటే ముందు లైటును కొట్టుకునేలా చేసే ఫ్లాషర్ మారుస్తారు, తర్వాత స్విచ్ మారుస్తారు, తర్వాత బండి మార్చమని సలహా ఇస్తారు.

రెండోది తప్పు ఒప్పుకోకపోవడం. ఒకసారి ఉస్తాద్ ఒక రైతు బండికి బ్యాటరీ తీగలు తలకిందులుగా తగిలించి వైరింగంతా కాల్చేశాడు. పొగ ఇంకా పోతుండగానే ఆ రైతు వైపు తిరిగి, "నీ బండికి దిష్టి గట్టిగా తగిలి ఉండాది" అన్నాడు. ఆ అమాయకుడు పరిగెత్తి గుమ్మడికాయ తెచ్చి షాపు ముందే పగలగొట్టాడు. సాయంత్రం ఉస్తాద్ నాతో, "తప్పు నీదైనా నోట్లోంచి రాకూడదు రా. వచ్చిందంటే ఊర్లో చెడిపోయిన ప్రతి బండీ నీ వల్లే చెడిపోయిందంటారు" అన్నాడు.

పనిలో ఆయనంత మనిషిని నేను చూడలేదు. ఈ రెండో విషయంలో మాత్రం ఆయన నాకు నేర్పింది చెడ్డది. నేను దాన్ని కూడా శ్రద్ధగానే నేర్చుకున్నాను.

బ్రేకు తొక్కితే మినుకుమంటుంది

పెంచలయ్య సారు ఆత్మకూరులో కాపురముంటూ పక్క ఊరి స్కూల్లో హెడ్మాస్టరు చేసేవారు. ఉద్యోగం వచ్చిన కొత్తల్లో కొన్న మోటారు సైకిలే చివరిదాకా. సారు ఇండికేటర్ వేసేవారు. రోడ్డు మీదే కాదు, ఖాళీ వీధిలో సొంత ఇంటి గేటులోకి తిరిగేటప్పుడు కూడా వేసేవారు. వీధిలో పిల్లలు పిట్ట కూత విని, సారు అన్నానికి వచ్చారని చెప్పుకునేవాళ్లు.

ఒక ఏడాది తనిఖీ వస్తోందని సారు స్కూలుకు రంగులు వేయించారు. పని అయ్యాక డబ్బాలో నీలం ఎనామిల్ మిగిలింది. కిటికీలకు వేసిన పెయింటరే, "బండికి కూడా ఒక చెయ్యి వేస్తాను సార్" అన్నాడు. సారు సరేనన్నారు. పెయింటర్ కిటికీకి వేసినట్టే బ్రష్షుతో దట్టంగా వేశాడు. మడ్గార్డుకు వేశాడు, బోల్టులు వదులు చేసి వాటి కింద కూడా వేశాడు, కింద వేలాడే తీగలకు కూడా వేశాడు. సీటు ఒక్కటి ఎందుకు వదిలాడో తెలియదు.

ఆ మర్నాటి నుంచి వెనక ఇండికేటర్లు వెలగలేదు. ముందువి మాత్రం పిచ్చిగా వేగంగా కొట్టుకునేవి. సారు షాపుకు వచ్చారు.

"కొండయ్యా, ఇంకొకటి గమనించినాను. బ్రేకు తొక్కితే ఇండికేటర్లు మసగ్గా మినుకుమంటా ఉండాయి" అన్నారు.

"అదేం కాదులే సార్" అన్నాను నేను.

ఫ్లాషర్ మార్చాను. వెలగలేదు. రెండోసారి వచ్చినప్పుడు వెనక బల్బులు రెండూ మార్చాను. మళ్లీ సారు బ్రేకు సంగతి చెప్పారు, మళ్లీ నేను అదేం కాదన్నాను. మూడోసారి స్విచ్ విప్పి కడిగాను, వెనక తీగలు రెండూ ఊడదీసి ఒక్కొక్కదానికీ టెస్టు బల్బు పెట్టి చూశాను. కరెంటు వస్తూనే ఉంది. అప్పుడు గానీ ఉస్తాద్ మాట గుర్తు రాలేదు. బ్రేకు లైటు కరెంటుకు తిరిగి పోయే దారి దొరక్క ఇండికేటర్ల గుండా దొంగదారిన పోతోంది. సారు మొదటి రోజే చెప్పిన మాటలో రోగం మొత్తం ఉంది. బడిపంతులుకు బండి గురించి ఏం తెలుసులే అని నేను వినలేదు. మడ్గార్డు బోల్టు విప్పి, కింద నీలం రంగు బ్లేడుతో గీకి, మెరిసే ఇనుము కనపడేదాకా ఎమరీ పేపరుతో రుద్ది మళ్లీ బిగించాను.

గిరాకీ చెప్పే మాట పూర్తిగా వినండి. తిక్కగా ఉన్నా వినండి. ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా నా రాత దండగ కాదు.

లోపం పట్టానన్న సంతోషంలో ఊడదీసిన తీగలు రెండూ గబగబా తగిలించాను. రెండిటి మీదా ఒకటే నీలం రంగు. ముందు చక్రం దగ్గర కూర్చుని చేతులు తుడుచుకుంటూ, "నొక్కండి సార్" అన్నాను. సారు ఎడమకు నొక్కారు, పిట్ట కూసింది. కుడికి నొక్కారు, పిట్ట కూసింది.

"రైట్ సార్, తీసుకెళ్లండి" అన్నాను.

కుడి వేసి ఎడమకు

రెండు వారాల పాటు పెంచలయ్య సారు ఎడమకు తిరిగినప్పుడల్లా వెనక కుడి లైటు వెలిగింది. కుడికి తిరిగితే ఎడమది వెలిగింది. వెనక బస్సులొచ్చాయి, లారీలొచ్చాయి, ఆటోలొచ్చాయి. ఏమీ కాలేదు. లైటును నమ్మేవాళ్లు లేరు కాబట్టి అది అబద్ధం చెబుతోందని కనిపెట్టినవాళ్లూ లేరు.

నమ్మే మనిషి ఒకామె ఉంది. నూర్జహానమ్మ, ఊళ్లు తిరిగి పిల్లలకు టీకాలు వేసే నర్సు. ఒక సాయంత్రం నెల్లూరు రోడ్డు మీద సారు వెనకే స్కూటర్ మీద వస్తోంది. సారు తన వీధిలోకి తిరగడానికి ఎడమకు నొక్కారు. కుడి లైటు వెలిగింది. సారు కుడికి పోతున్నారు కదా అని ఆమె ఎడమ పక్కగా ముందుకు పోయింది. సారు ఎడమకు తిరిగారు. ఇద్దరూ పడ్డారు. సారుకు మోచేయి గీరుకుపోయింది. నూర్జహానమ్మకు ఎడమ మణికట్టు విరిగింది.

మలుపుకు కాస్త ఇవతల టీ తాగుతున్న ముగ్గురు సారు బండిని వెనక నుంచి చూశారు. కుడి వేసి ఎడమకు తిరిగినాడని ముగ్గురూ ఒకే మాట చెప్పారు. నూర్జహానమ్మ నొప్పికి తట్టుకోలేక అందరి ముందూ, "చదువు చెప్పేవాడివి, కుడి ఎడమ తెలీదా నీకు" అని అరిచింది. సారు తల వంచుకుని నిలబడ్డారట. ఇది విని నేను కూడా, పాపం సారుకు వయసైపోతోంది అనుకున్నాను.

నాలుగో రోజు, శనివారం పొద్దున, సారు బావమరిది బండిని తోసుకుంటూ షాపుకు తెచ్చాడు.

"హ్యాండిలు సరిచెయ్యి మేస్త్రీ. ఎవరైనా కొనేవాళ్లుంటే ఇచ్చెయ్యి. బావ ఇంక బండెక్కడు."

"దెబ్బ పెద్దదేం కాదు కదన్నా."

"దెబ్బ కాదు. ఎడమే నొక్కినాను అని మొదట గట్టిగా అన్నాడు. ముగ్గురు చెప్పేసరికి ఆయనకే ఆయన మీద నమ్మకం పోయింది. వాళ్లన్న సంగతి తెలుసు కదా."

తెలుసు. సారు అన్నగారు చివరి రోజుల్లో అన్నీ మరిచిపోయారు. ఒకసారి ఆత్మకూరు బజారుకని బయల్దేరి కొండాపురంలో దొరికారు.

"తనకు కూడా అదే మొదలైందని భయపడిపొయినాడు" అన్నాడు బావమరిది. "స్కూల్లో రాసిన కాగితం నాలుగుసార్లు చూసుకుంటా ఉండాడంట. సర్వీసు ఇంకా ఉండగానే రిటైర్మెంటుకు కాగితం రాసి పెట్టినాడు. సోమవారం ఇచ్చేస్తాడు. అక్క ఏడస్తా ఉండాది."

అతను వెళ్లిపోయాక నేను వెనక నంబరు ప్లేటు వంపు తీయడానికి కూర్చుని, హారన్ చూద్దామని చెయ్యి చాపి సీటు కింద పక్కనున్న తాళం తిప్పాను. పిట్ట కూసింది. ఇండికేటర్ స్విచ్ ప్రమాదం జరిగిన రోజు నుంచీ అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. అది ఎడమకు ఉంది. నా ముక్కు ముందు కుడి లైటు కొట్టుకుంటోంది.

సారు ఎడమకే నొక్కారు. ఆయన బుర్రకు ఏమీ కాలేదు. పాడైంది నా పని.

రెండు నిమిషాల రిపేరు

నేను మొదట చేసిన పని చెబితే మీకు నా మీద ఉన్న కాస్త గౌరవం పోతుంది. అయినా చెబుతాను. అటూ ఇటూ చూసి, తీగలు రెండూ ఊడదీసి సరిగ్గా తగిలించేశాను. రెండు నిమిషాలు పట్టింది. ఇక ప్రపంచంలో నా తప్పుకు సాక్ష్యం లేదు.

తర్వాత నాకు నేను చాలా బాగా చెప్పుకున్నాను. తీగలకు రంగు పూసింది పెయింటర్ కదా. ప్రమాదం జరగాలని రాసి ఉంటే జరుగుతుంది కదా. నేను అబద్ధమేమీ చెప్పడం లేదు, నన్నెవరూ అడగలేదు కదా. ఇండికేటర్లు బాగు చేసిన దానికంటే ఈ పని ఎక్కువ నేర్పుగా చేశాను.

మధ్యాహ్నం ఒక గిరాకీ వచ్చాడు. నీలం బండిని చూసి, "ఇది పెంచలయ్య సారుది కదా, కుడికీ ఎడమకూ తేడా తెలీక నర్సమ్మని గుద్దినాడంటనే" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఊరికే, వచ్చినవాడితో పాటు నవ్వడం షాపులో అలవాటు. నవ్వు ఆగాక నా మీద నాకే అసహ్యం వేసింది. సోమవారం ఆ మనిషి కాగితం ఇచ్చేస్తాడు, మిగిలిన బతుకంతా తన బుర్రను చూసి తనే భయపడుతూ బతుకుతాడు. దానికి కారణమైనవాడిని నేను ఇక్కడ కూర్చుని నవ్వుతున్నాను.

షట్టర్ సగం దించాను. తీగలు మళ్లీ ఊడదీసి, ముందు ఎంత తప్పుగా ఉన్నాయో అంత తప్పుగా తగిలించాను. ఆ ఇండికేటర్లతో బండెక్కి పోయే ధైర్యం లేక సారు ఇంటిదాకా తోసుకుంటూ పోయాను. రోడ్డు మీద జాగ్రత్త పాటించడం నా జీవితంలో అదే మొదలు.

సారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. బండిని చూసి మొహం తిప్పుకున్నారు.

"ఎందుకు తెచ్చినావు కొండయ్యా, అమ్మెయ్యమన్నా కదా."

"ఒకటి చూపించాల సార్. వెనక్కొచ్చి నిలబడండి. అమ్మా, మీరు ఈ స్విచ్చిని ఎడమకి తొయ్యండి."

సారు భార్య సుశీలమ్మ భయపడుతూ వచ్చి తోసింది. కుడి లైటు వెలిగింది. సారు వంగి దాని మీద వేలు పెట్టి చూశారు.

"సుశీలా, ఎటు తోసినావు?"

"ఎడమకే."

"సరిగ్గా చూసి చెప్పు."

"అన్నం తినే చెయ్యి కాని పక్కకి. చాలా?"

"ఇది ఎప్పట్నుంచి ఇట్టా ఉండాది కొండయ్యా?"

"నేను ఎర్త్ బాగు చేసిన రోజు నుంచి సార్. తీగలు నేనే తారుమారు చేసినాను. వెనక్కి పోయి చూడలా. మీరు ఎడమే నొక్కినారు. తప్పు నాది."

"ఇంకోసారి చెప్పు."

"తప్పు నాది సార్."

"అది కాదు. దాని ముందు మాట."

"మీరు ఎడమే నొక్కినారు సార్."

కొడతారేమో అనుకున్నాను. సారు అరుగు మీద కూలబడి కండువాతో మొహం కప్పుకుని ఏడ్చారు. సుశీలమ్మ ఇంకా స్విచ్ మీద వేలు తీయలేదు, పిట్ట కూస్తూనే ఉంది. కాసేపటికి సారు లేచి లోపలికి వెళ్లి, మడత పెట్టిన కాగితం తెచ్చి నా ముందే చింపేశారు. నాకు కూడా ఏడుపొచ్చింది. అంతటితో అయిపోయిందనుకుని, తీగలు సరిచేసి వెళ్లబోయాను.

"నూర్జహానమ్మకి చెప్పినావా?" అన్నారు సారు.

"లేదు సార్."

"చెయ్యి విరిగింది ఆమెది. పద."

నూర్జహానమ్మ చేతికి కట్టుతో వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. నేను మొత్తం చెప్పాను. ఆమె సారు వైపు చూసింది.

"మిమ్మల్ని పదిమందిలో అనరాని మాటన్నాను సార్."

"నువ్వు చూసింది నువ్వన్నావు తల్లీ" అన్నారు సారు.

నా వైపు తిరిగినప్పుడు ఆమె గొంతు మారింది. "ఇంట్లో నన్ను ఒకటే తిట్టడం అన్నా. లైటును నమ్మి బండి తోలేది ఊర్లో నువ్వొక్కదానివే అని." వాకిట్లో పక్కన నిలబెట్టిన స్కూటర్ వైపు చూసింది. "పోయిన నెల నా స్కూటర్ ఇండికేటర్లు కూడా నువ్వే చేసినావు."

ఆ స్కూటర్ కూడా పిట్ట కూత విని పంపించిందే.

సారు ఆమె స్కూటర్ దగ్గరికి వెళ్లి తాళం తిప్పి, "నేను నొక్కుతా, నువ్వు వెనక నిలబడి చూడు" అన్నారు. నిలబడ్డాను. "ఎడమ" అన్నారు. ఎడమ వెలిగింది. "కుడి" అన్నారు. కుడి వెలిగింది.

"సరిగ్గానే ఉండాయమ్మా" అన్నాను.

నూర్జహానమ్మ కుర్చీలోంచి మెల్లగా లేచి వచ్చింది. నన్ను పక్కకు జరగమని చెప్పి, నేను నిలబడిన చోట తను నిలబడింది.

"ఇంకోసారి నొక్కండి సార్" అంది.